పది సెకన్లు

ఫర్వానియాలో ఆరో అంతస్తు.
ఏడుగురం ఆడవాళ్ళం, ఒకటే బాత్రూము.
లోపల గడియ పెట్టనిది నేనొక్కదాన్నే.
నీళ్ళ చప్పుడు ఆగితే బయటి నుంచి మస్తానమ్మ
"ఉన్నావా?" అంటుంది.
"ఉన్నా."
అనలేని రోజు తలుపు తోసుకొచ్చి
ట్రంకుపెట్టె తాళాల గుత్తి నా పిడికిట్లో కుక్కుతుంది.

లేచేసరికి
అరచేతిలో తాళాల పళ్ళ అచ్చులు,
నాలుక మీద ఉప్పూ ఇనుమూ,
నా మీదికి వంగిన ఆరు మొహాలు.
జరిగింది నాకే,
చూడనిదాన్ని మాత్రం నేనే.

నాలుగు నెలల చీటీ డబ్బు పెట్టి
ఈ గడియారం కొన్నాను.
"చెవులకు కమ్మలొచ్చేవి గదే" అంది రెడ్డెమ్మ.
ఒళ్ళు అదిరితే దీనికి తెలుస్తుందట.
"బాగున్నారా?" అని అడుగుతుందట,
పది నుంచి వెనక్కి లెక్కపెడుతుందట,
నేను నొక్కకపోతే మస్తానమ్మ ఫోను మోగుతుందట.

మొదటి శుక్రవారమే
చపాతీ పిండి పిసుకుతుంటే మణికట్టు గుయ్యిమంది.
రెండు చేతులకూ పిండి.
ఏడు... ఆరు... ముక్కుతో నొక్కబోయాను,
ముక్కు తప్పింది.
మస్తానమ్మ కూరగాయల అంగడి నుంచి
ఒంటికాలి చెప్పుతో పరిగెత్తుకొచ్చింది.
ఇల్లంతా నవ్వు, నాక్కూడా.
రాత్రి పడుకున్నాక అనిపించింది:
ఈ దేశమొచ్చి తొమ్మిదేళ్ళు,
బాగున్నావా అని అడిగి
జవాబు కోసం పది లెక్కపెట్టినవాళ్ళు
ఇంకెవరున్నారు?

ఊళ్ళో దీన్ని గాలి అన్నారు.
గాలికి తారీఖులుండవు.
ఇప్పుడున్నాయి.
మార్చి పదకొండు, ఒక నిమిషం నలభై.
మార్చి ఇరవై ఆరు, యాభై సెకన్లు.
"సంఘటనకు ముందు మీకు కలిగిన అనుభూతి?"
బడిపంతులు తెలుగులో అడుగుతుంది ఫోను.
తల తిరగడం, వెలుగులు, భయం...
కాలిన జీలకర్ర వాసన ఆ వరసలో లేదు.
'ఇతరములు' నొక్కి
ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశాను.
జీలకర్ర చివరి ఒత్తుకే రెండు నిమిషాలు పట్టింది.

ఆర్నెల్లకు పదకొండు ఎర్రచుక్కలు.
వేలు పెట్టి చూసుకున్నాను.
తొమ్మిది, నైట్ డ్యూటీ మర్నాడే.

హోటలు లాండ్రీలో దుప్పట్లు మింగే వేడి మెషిను ముందు
మూడేళ్ళు నిలబడ్డాను.
తలనొప్పి మాత్రని చెప్పి
ఆ మాత్రే మింగాను.
తెలిస్తే టికెట్టు చేతిలో పెడతారని.

ఆ పొద్దు ఫోను పట్టుకొని మేరిసెల్ దగ్గరికి పోయాను.
కాళ్ళు వణికాయి, గడియారం ఊరికే ఉంది,
ఏ వణుకేదో దానికి తెలుసు కాబోలు.
చుక్కలు చూపించాను.
"నైట్ మాఫీ. వేడి మెషిన్ మాఫీ.
మడత బల్ల ఇవ్వు. పని నాకు వచ్చు."
మాఫీ అంటే ఇక్కడ లేదని, వద్దని.
మా కడప వైపు మన్నించమని.
ఆ పొద్దు ఆ రెండో అర్థం
నా నోటికి రాలేదు.

ఆమె ఏమీ అనలేదు.
మూడు రోజులు ఏమీ అనలేదు.
నాలుగో రోజు బోర్డు మీద
పగటి వరసలో నా పేరు,
ఒక అక్షరం తప్పుగా.

పోలేదు. పోతుందని డాక్టరు కూడా అనలేదు.
మొన్న మడత బల్ల దగ్గర
జీలకర్ర మాడింది, ఎవరూ పొయ్యి వెలిగించకుండానే.
"వస్తాంది" అన్నాను పైకే, అందరికీ వినపడేలా.
నేనే కింద కూచున్నాను,
నేనే తువ్వాలు మడిచి తలకింద పెట్టుకున్నాను.
కళ్ళు తెరిచేసరికి పిడికిలి ఖాళీ.
ఒక నిమిషం పన్నెండు, అని రాసిపెట్టి ఉంది.
దాని కింద నేను రాశాను:
ఈసారి ముందు నేనే చూశాను.

గడియ ఇప్పటికీ పెట్టను.
నీళ్ళ చప్పుడు ఆగితే
"ఉన్నావా?" అంటుంది మస్తానమ్మ.
"ఉన్నా లేవే,
ఇంకో రెండు చెంబులు పోసుకోనీ."